నోటి మాట మీద బట్వాడా: ఇచ్చిన కూలికి రుజువు ఎవరి దగ్గర ఉండాలి?

తాడిపత్రి బండల పాలిష్ ఫ్యాక్టరీలో గానీ, పత్తి గింజలు తీసే ఆదోని జిన్నింగ్ మిల్లులో గానీ, ప్రొద్దుటూరు బట్టల కొట్లో గానీ ఓనర్లను కదిలిస్తే కార్మిక చట్టాల గురించి రెండు మాటలు వినిపిస్తాయి. చట్టాలన్నీ పనోళ్ల వైపే ఉన్నాయని ఒకటి. తాము ఎవరి కూలీ ఎగ్గొట్టలేదని రెండోది. ఆ రెండో మాట చాలామంది విషయంలో నిజమే. అయినా లేబర్ ఆఫీసు నుంచి నోటీసు వచ్చిన రోజు ఆ నిజం వాళ్లకు అక్కరకు రాదు. కూలి ఇచ్చారు, కాగితం మాత్రం పెట్టుకోలేదు.

కేంద్రం కొత్తగా తెచ్చిన ‘వేతనాల కోడ్’ అనే చట్టంలో 59వ సెక్షన్ ఈ సంగతి సూటిగా చెబుతుంది. కూలి అందలేదనో, తక్కువ ఇచ్చారనో, అక్రమంగా కోత పెట్టారనో, బోనస్ ఇవ్వలేదనో కార్మికుడు క్లెయిమ్ వేస్తే, చెల్లించినట్టు రుజువు చేయాల్సిన భారం యజమానిదే. క్లెయిమ్ వేయడానికి 3 ఏళ్ల గడువు ఉంది. బాకీ తేలితే దానికి 10 రెట్ల దాకా పరిహారం వేసే అధికారం విచారణ అధికారికి ఉంది. మూడేళ్ల కిందటి శనివారం బట్వాడా, అంటే పంచిన కూలి, ఎంతో ఎవరికి గుర్తుంటుంది? సీమలోని చిన్న యూనిట్లలో వచ్చే తగాదాల్లో దౌర్జన్యం కంటే పద్దు లేకపోవడమే ఎక్కువ నష్టం చేస్తున్నదని చెప్పడానికి ఈ ఒక్క సెక్షన్ చాలు.

చట్టం మారిన మాట కూడా వాస్తవమే. 29 కేంద్ర చట్టాలను కలిపి చేసిన 4 లేబర్ కోడ్‌లు 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చాయి: వేతనాలు, పారిశ్రామిక సంబంధాలు, సామాజిక భద్రత, వృత్తి భద్రత. కనీస వేతనాల చట్టం, పారిశ్రామిక వివాదాల చట్టం, ఫ్యాక్టరీల చట్టం, గ్రాట్యుటీ చట్టం లాంటి పాత పేర్లన్నీ వీటిలో కలిసిపోయాయి. కొత్త నిబంధనలు కుదురుకునే దాకా పాత రూల్సు, నోటిఫికేషన్లు కోడ్‌కు విరుద్ధం కానంత మేరకు చెల్లుతాయి. దీన్ని పట్టుకుని ‘పాతది పోయింది, కొత్తది ఇంకా రాలేదు’ అని నిశ్చింతగా కూర్చున్నవాళ్లు ఉన్నారు. ఆ సందు అసలు లేదు. రాష్ట్రం చేసుకున్న చట్టాలు, ముఖ్యంగా 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం, ఈ కోడ్‌లతో రద్దు కాలేదు. ప్రొద్దుటూరు కొట్లోని గుమాస్తాకు, సేల్స్ పిల్లకు నేటికీ వర్తించేది అదే.

ఒకే ఓనరుకు రెండు ప్రభుత్వాలు

తాడిపత్రి, బేతంచెర్ల, కడప వైపు బండల వ్యాపారం చేసేవాళ్లకు ఒక చిక్కు ఉంది. ఒకే కుటుంబానికి గని ఉంటుంది, రోడ్డు పక్కన పాలిష్ యూనిట్ ఉంటుంది. గనిలో బండ తీసే కార్మికుడి విషయంలో ‘తగిన ప్రభుత్వం’, అంటే ఈ చట్టాల అమలు చూసేది, కేంద్రం. నాపరాయి గనైనా సరే, గని గనే. దాని భద్రత గనుల భద్రతా డైరెక్టరేట్ చూస్తుంది, కూలి రేటు కేంద్రం ప్రకటించినది ఇవ్వాలి. అదే బండ లారీలో యూనిట్‌కు చేరి కటింగ్ మిషన్ ఎక్కాక, దాని ముందు నిలబడినవాడు రాష్ట్ర ప్రభుత్వ పరిధిలోని కార్మికుడు. అతని రేటు రాష్ట్రం ప్రకటించిన కనీస వేతనం. ఆ రేటుకు కరువు భత్యం ఏటా ఏప్రిల్‌లోనూ అక్టోబరులోనూ మారుతుంది.

ఒకే మనిషిని పొద్దున గనికి, మధ్యాహ్నం యూనిట్‌కు తిప్పే అలవాటు ఉన్నచోట ఈ తేడా బట్వాడా పుస్తకంలో కనబడాలి. రెండు చోట్లకూ ఒకే నోటు పుస్తకం పెట్టి, మొత్తం మీద ఇంత అని రాస్తే, ఏ రేటు ప్రకారం ఇచ్చారో ఓనరే చెప్పలేడు.

ఇంకో మార్పు చాలామందికి తప్పుగా అర్థమైంది. కరెంటుతో నడిచే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ అనే పాత లెక్క ఇప్పుడు 20కి పెరిగింది. కరెంటు లేని చోట 20 కాస్తా 40 అయింది. దాంతో 12 మందితో నడిచే యూనిట్ ‘ఫ్యాక్టరీ’ నిర్వచనం నుంచి జారిపోయింది కాబట్టి ఇక తనకు చట్టమే లేదని అనుకుంటున్నారు. వృత్తి భద్రత కోడ్ 10 మంది, ఆపైన ఉన్న ఏ సంస్థకైనా వర్తిస్తుంది. నియామక పత్రం ఇవ్వాలనే నిబంధన ఈ కోడ్‌లోనే ఉంది. కనీస వేతనానికైతే తలల లెక్కే లేదు, ఒక్క మనిషిని పెట్టుకున్నా ఇచ్చి తీరాలి.

అడ్వాన్సు

ఇక్కడి పని సంబంధాలన్నీ అడ్వాన్సు దగ్గర మొదలవుతాయి, తగాదాలూ ఎక్కువగా అక్కడే మొదలవుతాయి. కోసిగి, కౌతాళం, మంత్రాలయం వైపు నుంచి ఏటా కుటుంబాలు కుటుంబాలే సుగ్గికి, అంటే పనుల కోసం వలస, పోతాయి. గుంటూరు మిరప చేలకు కొందరు, బెంగళూరు కట్టడాలకు కొందరు. ఉన్న ఊళ్లో మనిషి దొరకని సీజన్‌లో స్థానిక మిల్లు ఓనరు ముందే 20 వేలో 30 వేలో చేతిలో పెట్టి మనిషిని కట్టేసుకోవాలని చూస్తాడు. పెళ్లికో, ఆస్పత్రికో అవసరమై తీసుకునేవాడికీ అదే ఆధారం. అడ్వాన్సు ఇవ్వడం నేరం కాదు. దాన్ని రాబట్టుకునే తీరులోనే చట్టం పట్టుకుంటుంది.

పనిలో చేరకముందు ఇచ్చిన అడ్వాన్సును మొదటి పూర్తి బట్వాడా నుంచి పట్టుకోవాలి. దారి ఖర్చులకని ఇచ్చింది అసలు పట్టుకోకూడదు. చేరిన తర్వాత ఇచ్చిన అడ్వాన్సుకు నిబంధనల ప్రకారం వాయిదాలు ఉండాలి. ఏ రకం కోతలైనా అన్నీ కలిపి ఆ బట్వాడాలో సగం దాటకూడదు. సగం దాటిన బాకీని నిబంధనలు చెప్పిన తీరులోనే రాబట్టుకోవాలి. ఆధార్ కార్డు తీసుకుని బీరువాలో పెట్టుకోవడం, బండి తాళాలు లాక్కోవడం, ‘అడ్వాన్సు తీరేదాకా పక్క మిల్లు గేటు తొక్కకూడదు’ అనడం, ఇవన్నీ అప్పు వసూలు కిందికి రావు. 1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం కిందికి వస్తాయి. అక్కడ శిక్ష 3 ఏళ్ల జైలు దాకా ఉంది. పైగా ఆ బాకీ వెట్టి బాకీ అని తేలితే తీర్చాల్సిన పనే లేకుండా రద్దయిపోతుంది. అది వెట్టి బాకీ కాదని రుజువు చేసుకోవాల్సిన భారం మళ్లీ అప్పిచ్చినవాడి మీదే.

ఇదంతా ఎక్కడో బిహార్ ఇటుక బట్టీల కోసం రాసిన చట్టమని కొట్టిపారేయడానికి లేదు. కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరీయేనని 1982లో సుప్రీంకోర్టు చెప్పింది. 1984లో ఫరీదాబాద్ రాతి గనుల కేసులో ఇంకొక అడుగు ముందుకు వేసి, బలవంతంగా పని చేయిస్తున్నారని తేలిన చోట అది అడ్వాన్సుకు కట్టుబడి చేస్తున్న పనేనని కోర్టు ముందుగానే భావించాలని, కాదని చూపాల్సింది యజమానేనని తేల్చింది. ఆ కేసు రాళ్లు కొట్టే కార్మికులది. బండల వ్యాపారం చేసేవాళ్లు దాన్ని తమ కేసుగానే చదువుకోవాలి.

అడ్వాన్సు ఇచ్చిన రోజే తేదీ, మొత్తం, దేనికిచ్చారో, వారానికి ఎంత పడుతుందో తెలుగులో రాసి, ఒక కాపీ తీసుకున్నవాడికి ఇస్తే ఈ గొడవ ముప్పాతిక భాగం ఉండదు. రెండో కాపీ ఇవ్వడానికే చాలామంది జంకుతారు. ఆ కాపీ అతని చేతిలో ఉంటే రేపు తనమీదే వాడతాడని భయం. అతని దగ్గర ఏ కాగితమూ లేనప్పుడే అతను చెప్పే అంకె పెరుగుతుందన్న సంగతి ఎవరూ ఆలోచించరు.

అడుగు లెక్క, కరెంటు కోత

పాలిష్ పనికి చదరపు అడుగు లెక్కన, లోడింగ్‌కు లారీ లెక్కన కూలి కట్టడం ఇక్కడ మామూలే. పీసు రేటు చట్టబద్ధమే. అయితే పీసు రేటు మీద పనిచేసినా రోజు పనికి ప్రకటించిన కనీస వేతనం కంటే అతనికి తక్కువ రాకూడదు. అంటే అడుగుల లెక్క రాసినంత మాత్రాన సరిపోదు, ఎన్ని గంటలు పనిచేశాడో కూడా రాయాలి. గంటలు లేని పీసు లెక్క విచారణలో నిలబడదు.

కరెంటు పోయిన రోజు సంగతి ఏంటి? మనిషి పొద్దున వచ్చాడు, రెండు గంటలు పనయ్యాక లైను పోయింది, సాయంత్రం దాకా రాలేదు. ‘పనే లేదు కదా, సగం కూలి’ అనడం ఇక్కడి ఆనవాయితీ. రోజు లెక్కన కనీస వేతనం నిర్ణయమైన కార్మికుడు తన తప్పు లేకుండా తక్కువ గంటలు పనిచేస్తే పూర్తి రోజు కూలికి హక్కుదారుడని వేతనాల కోడ్ అంటోంది. పని చేయనని అతనే వెళ్లిపోతే ఆ హక్కు ఉండదు. ఇది యజమానికి కష్టంగానే ఉంటుంది, ముఖ్యంగా ఎండాకాలంలో. కానీ కరెంటు కోత వ్యాపారంలో ఉండే నష్టం. లాభం పంచుకోని కూలివాడు ఆ నష్టాన్ని మాత్రం పంచుకోవాలనడంలో న్యాయం కనపడదు.

ఫోన్‌లో డబ్బు వేయడం వచ్చాక కొంతమంది ఓనర్లకు రుజువు దానంతటదే తయారవుతోంది. అందులోనూ ఒక పొరపాటు ఉంది. వారం చివర 14 మంది కూలి మొత్తం ఒకేసారి మేస్త్రీ ఫోనుకు వేస్తారు. ఆ చెల్లింపు మేస్త్రీకి ఇచ్చినట్టు రుజువు చేస్తుంది, 14 మందికి ఇచ్చినట్టు రుజువు చేయదు. ఓనరు భార్య ఖాతా నుంచో, బావమరిది ఖాతా నుంచో వెళ్లిన డబ్బుకు కూలి అని పేరు పెట్టడం ఇంకా కష్టం. యూనిట్ ఖాతా నుంచి, మనిషి మనిషికీ, ఏ వారానికో రాసి వేస్తే తప్ప ఆ స్క్రీన్‌షాట్ ఎందుకూ పనికిరాదు.

కొట్లలో సమస్య వేరే రకం. దసరా, దీపావళి సీజన్‌లో పొద్దున 9కి వచ్చిన పిల్ల రాత్రి 10కి ఇంటికి పోతుంది, పండగైపోయాక చీరో, వెయ్యి రూపాయలో చేతిలో పెడతారు. రాష్ట్రం 2025లో రోజు పని గంటల పరిమితిని 10కి పెంచినా, వారానికి 48 గంటల పరిమితి కదల్లేదు. దాటిన గంటకు రెట్టింపు రేటు. చీర ఓవర్‌టైమ్ లెక్కలోకి రాదు.

ప్రమాదం జరిగిన రాత్రి

అన్నిటికంటే ఖరీదైన పొరపాట్లు ప్రమాదం జరిగిన 24 గంటల్లో జరుగుతాయి. బండలు దించుతుంటే పలక జారి మీద పడుతుంది. బెల్టులో చెయ్యి ఇరుక్కుంటుంది. మనిషి పోతే ఆస్పత్రి మార్చురీ బయట పెద్దమనుషుల పంచాయితీ మొదలవుతుంది. రెండు పార్టీల నాయకులు, యూనియన్ వాళ్లు, కులపెద్దలు, ఓనరు తరఫున ఒక బంధువు. తెల్లారేసరికి 5 లక్షలకో 7 లక్షలకో తెగుతుంది. తెల్ల కాగితం మీద ‘ఇకపై ఎటువంటి క్లెయిమ్ లేదు’ అని రాయించి సంతకాలు, వేలిముద్రలు తీసుకుంటారు. ఓనరు ఊపిరి పీల్చుకుంటాడు.

చట్టం దృష్టిలో అక్కడ దాదాపు ఏమీ జరగనట్టే. మరణ పరిహారాన్ని సంబంధిత అధికారి దగ్గర జమ చేయాలి. కుటుంబానికి నేరుగా ఇచ్చింది పరిహారం కింద లెక్కకు రాదు. 3 నెలల వేతనానికి మించని అడ్వాన్సును మాత్రమే ఆ తర్వాత మినహాయించుకోవచ్చు. హక్కు వదులుకుంటున్నట్టు రాయించుకున్న ఒప్పందం చెల్లదు. ఏడాది తర్వాత ఆ కుటుంబానికి ఎవరో లాయరు తగిలి కేసు వేస్తే, మొదటి నుంచి లెక్క మొదలవుతుంది.

ఆ లెక్క ఎంతవుతుందో ఒకసారి వేసి చూడటం మంచిది. పరిహారానికి నెల వేతనంగా తీసుకునే గరిష్ఠ పరిమితి 15,000 రూపాయలు. మరణిస్తే అందులో సగాన్ని వయసును బట్టి ఉండే గుణకంతో హెచ్చించాలి. 30 ఏళ్లవాడికి ఆ గుణకం 207.98. 7,500ను దానితో హెచ్చిస్తే 15,59,850 రూపాయలు. 40 ఏళ్లవాడైతే గుణకం 184.17, మొత్తం 13,81,275. నెలలోపు జమ చేయకపోతే ఏటా 12 శాతం వడ్డీ. సరైన కారణం లేకుండా ఆలస్యం చేశాడని అధికారి భావిస్తే పరిహారంలో సగం దాకా పెనాల్టీ. బీమా పాలసీ ఉంటే అసలు, వడ్డీ కంపెనీ కడుతుంది కానీ పెనాల్టీ ఓనరు జేబులోంచే పోవాలని 1997లో సుప్రీంకోర్టు తేల్చింది.

తాగి ఉన్నాడనో, చెప్పిన మాట వినలేదనో అనడం గాయాలకు కొంతవరకు పనికొస్తుందేమో గానీ మరణానికి, శాశ్వత పూర్తి వైకల్యానికి ఆ వాదన చట్టం ఒప్పుకోదు.

దీనికి ఎదురుగా ఈఎస్ఐ (కార్మికులకు వైద్యం, ప్రమాద బీమా ఇచ్చే పథకం) ఖర్చు పెట్టి చూడాలి. 10 మంది, ఆపైన ఉన్న సంస్థలో 21,000 లోపు వేతనం ఉన్నవాళ్లకు అది వర్తిస్తుంది. యజమాని వాటా 3.25 శాతం, కార్మికుడి వాటా 0.75 శాతం. 15,000 జీతానికి ఓనరు కట్టేది నెలకు 487 రూపాయల 50 పైసలు. ఈఎస్ఐలో ఉన్న కార్మికుడికి పని ప్రమాదం జరిగితే కుటుంబానికి పెన్షన్ కార్పొరేషన్ ఇస్తుంది, అదే ప్రమాదానికి యజమాని మీద వేరే పరిహార క్లెయిమ్ నడవదు. నెలకు 500 లోపు ఖర్చు తప్పించుకోవడానికి 9 మంది పేర్లే పుస్తకంలో రాసి, మిగతావాళ్లను ‘బయటివాళ్లు’ అనడం లాభసాటి తెలివి కాదు.

ఇక్కడే ఆదోని మిల్లులకు, అనంతపురం వైపు వేరుశనగ కాయ ఒలిచే మిల్లులకు ఒక మెలిక ఉంది. పత్తి జిన్నింగ్, ప్రెస్సింగ్, వేరుశనగ పొట్టు తీయడం లాంటి పనులు మాత్రమే చేసే ఫ్యాక్టరీలను చట్టం సీజనల్ ఫ్యాక్టరీలంటుంది, వాటికి ఈఎస్ఐ వర్తించదు. ఓనర్లు దీన్ని మినహాయింపు అనుకుని సంతోషిస్తారు. ఈఎస్ఐ లేదంటే ప్రమాద పరిహారం భారం నేరుగా మిల్లు మీదే పడుతుందని అర్థం. దూది అంటుకుంటే ఆరదు, జిన్ను రోలర్ల దగ్గర వేళ్లు పోవడం వింత కాదు. సీజన్ మొదలయ్యే ముందే పరిహార బీమా పాలసీ తీసుకోవాలి. అదీ ఉన్నంత మందిని చూపించి తీసుకోవాలి. 8 మందిని చూపి 25 మందిని పనిలో పెడితే, పోయినవాడు ఆ 8 మందిలో ఒకడేనా అన్న వాదన బీమా కంపెనీ లాయరు మొదటి వాయిదాకే మొదలుపెడతాడు.

నెమ్మదిగా వచ్చే ప్రమాదం ఇంకొకటి ఉంది. గ్రానైట్ పొడి కోతలో లేచే సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి సిలికోసిస్ తెస్తుంది. చట్టం దాన్ని వృత్తి రోగంగా గుర్తించింది, అంటే ప్రమాదంతో సమానంగా పరిహారం ఉంటుంది. నీళ్లు పెట్టి కోస్తే దుమ్ము బాగా తగ్గుతుంది. నీళ్ల కరువున్న ఎండాకాలంలో పొడి కోతకు దిగే యూనిట్లు గుడ్డ మాస్కులతో సరిపెట్టుకుంటే కుదరదు, అంత సన్న దుమ్మును గుడ్డ ఆపలేదు. జబ్బు బయటపడేది ఏళ్ల తర్వాత. అతను అప్పటికి ఎన్ని యూనిట్లలో పనిచేశాడో, ఎక్కడ ఎంతకాలమో చెప్పేది హాజరు పట్టీ ఒక్కటే. అది ఉన్న ఓనరు తన వంతు ఎంతో చెప్పగలడు.

‘రేపట్నుంచి రావద్దు’

పని మాన్పించడం కూడా నోటి మాటతోనే జరుగుతుంది. చట్టానికి ఆ నోటి మాటతో పని లేదు. తప్పు చేశాడంటే ఆరోపణ రాతపూర్వకంగా ఇవ్వాలి, సంజాయిషీ తీసుకోవాలి, విచారణ జరపాలి. పని తగ్గిందని తీసేస్తే, ఏడాదిలో 240 రోజులు నిండినవాడికి నెల నోటీసు లేదా నెల జీతం, దాంతోపాటు చేసిన ప్రతి ఏడాదికి 15 రోజుల సగటు వేతనం ఇవ్వాలి. దుకాణాల చట్టం కింద 6 నెలలు నిండిన ఉద్యోగిని సరైన కారణం, నెల నోటీసు లేకుండా తీసేయకూడదు. తీసేసినా, మానేసినా, రావాల్సిన కూలి 2 పనిదినాల్లో చేతికి అందాలి. ‘వచ్చే నెల వచ్చి పట్టుకుపో’ అనే రోజులు ఇప్పుడు లేవు.

ఓనర్లు ఎక్కువగా దెబ్బతినేది మనిషి తనంతట తాను మానేసినప్పుడు. పండక్కి ఊరికి పోయాడు, తిరిగి రాలేదు. పుస్తకంలో పేరు కొట్టేశారు. ఆర్నెల్లకు లేబర్ ఆఫీసులో ‘నన్ను తీసేశారు’ అని అర్జీ పడుతుంది. గైర్హాజరీ పేరుతో వివరణ అడక్కుండా పేరు కొట్టేయడం చెల్లదని, సహజ న్యాయ సూత్రాలు పాటించాలని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. 2013 నాటి తీర్పులో, అక్రమంగా తీసేసినట్టు తేలితే తిరిగి పనిలోకి తీసుకోవడంతో పాటు వెనకటి జీతం ఇవ్వడమే మామూలు పద్ధతి అని, ఆ మధ్యకాలంలో అతను వేరే చోట సంపాదించుకున్నాడని చూపాల్సింది యజమానేనని కూడా అంది. అనంతపురం లేబర్ కోర్టులో కేసు నాలుగేళ్లు నడిస్తే ఆ నాలుగేళ్ల జీతం సంగతి ఊహించుకోవచ్చు. ఇదంతా తప్పించేది రిజిస్ట్రేషన్ చేయించి స్పీడ్ పోస్టులో పంపే ఒక ఉత్తరం: ఫలానా తేదీ నుంచి రాలేదు, ఇన్ని రోజుల్లో వచ్చి చేరు, లేదా కారణం చెప్పు. కవరు తిరిగొచ్చినా విప్పకుండా అలాగే దాచుకోవాలి.

ఒక్క విషయంలో మాత్రం భారం కార్మికుడిదే. 240 రోజులు పనిచేశానని చెప్పేవాడే మొదట దాన్ని చూపాలని సుప్రీంకోర్టు 2002లో అంది. తర్వాతి తీర్పుల్లో ఇంకో మాట చేరింది: కార్మికుడు సాక్ష్యం చెప్పి, మస్టరు (హాజరు పట్టీ) తెప్పించమని కోరినప్పుడు యజమాని దాన్ని దాచిపెడితే కోర్టు ఆ దాపరికాన్ని అతనికి వ్యతిరేకంగా తీసుకోవచ్చు. మస్టరు లేకపోతే తాము గెలుస్తామనుకునే ఓనర్లకు, అలా సలహా ఇచ్చే వాళ్లకు ఇది తెలియాలి.

సీజన్ పనికి మనుషుల్ని తీసుకునే మిల్లులకు కొత్త కోడ్ ఒక మంచి దారి ఇచ్చింది. నిర్ణీత కాలపు నియామకం, అంటే అక్టోబరు నుంచి మార్చి దాకా అని రాసి తీసుకుంటే, గడువు తీరి ఆగిపోవడం తొలగింపు కిందికి రాదు. అయితే ఆ ఆరు నెలలూ పక్కన నిలబడిన శాశ్వత కార్మికుడికి ఏమిస్తారో ఇతనికీ అవే ఇవ్వాలి. సీజనల్ సంస్థల్లో గ్రాట్యుటీ సీజన్‌కు 7 రోజుల వేతనం లెక్కన వస్తుంది.

మామూలు గ్రాట్యుటీ లెక్క మాత్రం మారిన వేతన నిర్వచనంతో పెరుగుతుంది. 20,000 జీతంలో 6,000 బేసిక్, మిగతా అంతా అలవెన్సులు అని చూపే పద్ధతి ఇక సాగదు. మినహాయించే అలవెన్సులు మొత్తంలో సగం దాటితే, దాటినది వేతనంలో కలుస్తుంది. కాబట్టి లెక్కకు వేతనం 10,000. పదేళ్లు చేసినవాడికి 6,000 మీద 34,615 వచ్చేది, 10,000 మీద 57,692 అవుతుంది. పీఎఫ్ విషయంలో ఒక్క మాట చాలు: 20 మంది ఉంటే తప్పదు. కార్మికుడి జీతంలో 12 శాతం కోసి కట్టకపోవడం బాకీ కిందికి రాదు, నమ్మకద్రోహం నేరం కిందికి వస్తుంది. డబ్బు ఆడనప్పుడు అన్నిటికంటే ముందు కట్టాల్సింది అదే.

ఆడవాళ్ల కూలి సంగతి చెప్పకుండా ఈ లెక్క పూర్తి కాదు. ‘మగవాళ్లకు ఇంత, ఆడవాళ్లకు ఇంత’ అని రెండు రేట్లు కొన్ని యూనిట్లలో గోడ మీదే రాసి ఉంటాయి. ఒకే రకం పనికి లింగాన్ని బట్టి వేతనం మార్చకూడదు. బరువు పని మగవాళ్లే చేస్తారని అంటారు. నిజంగా పని వేరైతే పనుల పేర్లు వేరుగా రాసి, రేట్లు పనికి పెట్టాలి. అప్పుడు పాలిష్ యంత్రం దగ్గర నీళ్లు పోసే పని, ముక్కలు ఏరే పని, పలకలు పేర్చే పని నిజంగా ఎవరు చేస్తున్నారో కాగితం మీద తేలుతుంది. తేలితే కొన్ని రేట్లు పెరగక తప్పవని ఓనర్లకూ తెలుసు, ఆ రాత జరగకపోవడానికి అసలు కారణం అదే. 10 మంది, ఆపైన ఉన్న చోట లైంగిక వేధింపుల మీద అంతర్గత కమిటీ వేయాలని 2013 చట్టం చెబుతుంది, వేయకపోతే జరిమానా 50,000 దాకా. అంతకంటే చిన్న సంస్థల్లోని మహిళలు కలెక్టరేట్‌లోని స్థానిక కమిటీకి ఫిర్యాదు ఇవ్వొచ్చు.

తనిఖీకి వచ్చే అధికారి విషయంలో భయం కొంత తగ్గించుకోవచ్చు. వేతనాల కోడ్ ప్రకారం కొన్ని రకాల లోపాలు మొదటిసారి కనబడితే, ప్రాసిక్యూషన్ పెట్టే ముందు సరిదిద్దుకోవడానికి రాతపూర్వకంగా గడువు ఇవ్వాలి. ఐదేళ్లలో అదే తప్పు మళ్లీ చేస్తే ఆ వెసులుబాటు ఉండదు. వేతనం తక్కువ ఇచ్చినందుకు మొదటిసారి జరిమానా 50,000 దాకా, మళ్లీ చేస్తే లక్ష దాకా లేదా 3 నెలల జైలు, లేదా రెండూ. రికార్డులు సరిగా పెట్టనందుకు 10,000 దాకా. ఈ అంకెలు చూసి రికార్డు తప్పే చిన్నదనిపించవచ్చు. రికార్డు లేకపోవడం వల్ల ఓడిపోయే క్లెయిముల పక్కన ఆ పదివేలు లెక్కలోకే రావు.

మేస్త్రీ

‘వాళ్లు నా మనుషులు కాదు, మేస్త్రీ మనుషులు’ అనేది అన్ని తగాదాల్లో చివరకు వినిపించే వాదన. ఒడిశా నుంచో బిహార్ నుంచో 12 మందిని తెచ్చి, వాళ్ల కూలి తీసుకుని, మధ్యలో కోసుకునే మేస్త్రీ ఉన్నప్పుడు ఈ వాదన బలంగా అనిపిస్తుంది. కాంట్రాక్టు లైసెన్సు 50 మంది దగ్గర మొదలవుతుందనేది నిజమే. కానీ కూలి బాధ్యతకు ఆ 50తో సంబంధం లేదు. మేస్త్రీ ఇవ్వకపోతే పని జరిగిన సంస్థ యజమాని ఇవ్వాల్సిందేనని వేతనాల కోడ్ 43వ సెక్షన్ చెబుతోంది. ప్రమాద పరిహారంలోనూ అంతే. ముందు ఓనరు కట్టాలి, ఆ తర్వాత మేస్త్రీ నుంచి రాబట్టుకోవాలి. మేస్త్రీ ఫోను అప్పటికి స్విచ్ఛాఫ్‌లో ఉంటుంది.

కాబట్టి మేస్త్రీ ద్వారా మనుషుల్ని తెచ్చుకున్నా బట్వాడా మాత్రం యూనిట్ గుమాస్తా చేతుల మీదుగా, ఒక్కొక్కరికీ విడిగా, వాళ్లకు అర్థమయ్యే భాషలో రాసిన స్లిప్పుతో జరగాలి. మేస్త్రీ కమిషన్ వేరే బిల్లు, వేరే చెల్లింపు. ఆ కమిషన్ కూలీల కూలిలోంచి కాకుండా ఓనరు ఖర్చులోంచి పోతుందని ముందే మాట్లాడుకుంటే, చదరపు అడుగుకు ఎంత పడుతోందో ఓనరుకు కూడా మొదటిసారి సరిగ్గా తెలుస్తుంది.